బొమ్మలో ఒకటి, పెట్టెలో ఒకటి

(మన తెలుగు సంఘం సాంస్కృతికోత్సవ సందర్భంగా దోహాలోని అల్ మన్సూరాలో చేసిన ప్రసంగ పాఠం)



నాట్యం, నాటకం, పద్యపఠనం ఉన్న కార్యక్రమపత్రంలో నడుమ మా పేరు, దాని ఎదుట "వినియోగదారుల హక్కులు" అన్న మాట చూసి కొందరు మిత్రులు నవ్వారు. "మాస్టారూ, పండుగ పూట చట్టాల గొడవ ఎందుకండీ?" అని ఒకరు అడిగారు కూడా. మా సమాధానం ఒకటే. మాటకు విలువ ఉండడం సంస్కృతిలో మొదటి మెట్టు. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయిన చోట ఎన్ని దీపాలు వెలిగించినా చీకటే. అందుచేత మీ సమయంలో కొద్ది నిమిషాలు అరువు తీసుకుంటున్నాము. వడ్డీ లేకుండా తీర్చలేము కాబట్టి, పనికివచ్చే నాలుగు విషయాలు చెప్పి ఆ వడ్డీ చెల్లిస్తాము.

మా తాతగారు, మా నాన్నగారు, మేము, మూడు తరాలుగా బడిపంతుళ్ళం. తాతగారి కాలంలో సరుకు అంటే సంతలో కంటి ఎదుట ఉన్నదే. బియ్యం కొనే మనిషి గుప్పెడు మచ్చు తీసుకుని, అరచేతిలో పోసి ఊదేవాడు. రెండు గింజలు నోట వేసుకుని కొరికేవాడు. ఆ తరువాతే బేరం. మచ్చు ఒకటి, మూట మరొకటి అయితే మరుసటి వారం సంతలో ఆ వర్తకుడి ముఖం చూసేవాళ్ళు ఉండరు. చట్టం కంటే ఊరి నోరే అతనికి ఎక్కువ భయం. నేడు ఆ మచ్చు స్థానంలో బొమ్మ వచ్చింది. బొమ్మను ఊదలేము, కొరకలేము. దాని వెనుక ఉన్న వర్తకుడి ముఖం ఎప్పుడూ చూడము. కంటి ముందరి సంత పోయి చేతిలోని ఫోన్లో సంత వెలిసింది కాని, మచ్చుకు తగిన సరుకు రావాలన్న ధర్మం మాత్రం మారలేదు. మన పెద్దలు "పైన పటారం, లోన లొటారం" అని ఊరికే అనలేదు.

ఈ ధర్మం కొత్తగా పుట్టింది కాదు. భారతదేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోనే ఇది స్పష్టంగా ఉంది. వర్ణనను బట్టి సరుకు అమ్మితే, ఆ సరుకు వర్ణనకు సరిపోవాలన్నది వేరే చెప్పనక్కర లేకుండానే ఒప్పందంలో ఇమిడి ఉన్న షరతు. మచ్చు చూపి, వర్ణన కూడా చెప్పి అమ్మితే మచ్చుకు సరిపోతే చాలదు, వర్ణనకూ సరిపోవాలి. అప్పటికి కంప్యూటరు లేదు, ఫోనులో అంగడి లేదు. అయినా ఈనాటి బొమ్మల వ్యాపారానికి ఆ రెండు వాక్యాలు అచ్చంగా సరిపోతాయి. బొమ్మ మచ్చు, దాని కింద రాసిన మాటలు వర్ణన.

ప్రకటన మాటకు కట్టుబడాలన్న తీర్పు అంతకు ముందే ఒకటి ఉంది. న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ అది మొదటి పాఠం. లండనులో ఒక కంపెనీ పొగబుడ్డి లాంటి మందు పరికరం అమ్మింది. రోజుకు మూడు పర్యాయాలు రెండు వారాలు వాడిన తరువాత కూడా ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వస్తే 100 పౌన్లు ఇస్తామని పత్రికల్లో ప్రకటించింది. తమ చిత్తశుద్ధికి గుర్తుగా 1000 పౌన్లు బ్యాంకులో వేశామని కూడా చెప్పుకుంది. కార్లిల్ అనే ఆవిడ ఆ పరికరాన్ని చెప్పినట్టే వాడింది. జ్వరం వచ్చింది. డబ్బు అడిగితే, "ప్రకటనలో మాటలు ఎవరైనా నిజమనుకుంటారా, అది ఊరికే గొప్పలు చెప్పుకోవడం" అన్నది కంపెనీ. 1892లో అప్పీలు కోర్టు ఆ వాదన అంగీకరించలేదు. బ్యాంకులో సొమ్ము వేశామని చెప్పి జనాన్ని నమ్మించిన తరువాత అది ఊరికే అన్న మాట కాదు, మాట ప్రకారం చెల్లించవలసిందే అన్నది. అప్పటి నుంచి ఇప్పటి దాకా వర్తకులు చెప్పే సాకు ఒకటే. దానికి కోర్టులు చెప్పే సమాధానమూ దాదాపు ఒకటే.

ఇక మన సంగతికి వద్దాము. అల్ మన్సూరా ఎటువంటి చోటో మీకు మేము చెప్పనవసరం లేదు. గ్రీన్ లైన్ మెట్రో దిగి నాలుగు అడుగులు వేస్తే కిరాణా కొట్లు, దర్జీ దుకాణాలు, ఫోన్ల దుకాణాలు, మన భాష, మన పక్క రాష్ట్రాల భాషలు. ఇక్కడ నెల జీతం లెక్కపెట్టుకుని బ్రతికేవారే ఎక్కువ. 2020 నాటి 17వ నంబరు చట్టం ప్రకారం 2021 మార్చి నుంచి ఈ దేశంలో కనీస మూల వేతనం 1000 రియాళ్ళు. వసతి, భోజనం యజమాని ఇవ్వకపోతే వాటికి వేరుగా 500, 300 రియాళ్ళు. ఈ లెక్క ఎందుకు చెబుతున్నామంటే, 200 రియాళ్ళ వస్తువు మోసమైతే కొందరికి అది ఒక చిరాకు. 1000 రియాళ్ళ మనిషికి అది ఆరు రోజుల చెమట. అదే డబ్బు జగిత్యాలకో, కోనసీమకో, రాయచోటికో పంపితే పిల్ల బడి ఫీజు.

ఒక సాయంత్రం పాఠం అయిపోయాక, మా బడిలో పిల్లవాడిని తీసుకువెళ్ళడానికి వచ్చిన కరీంనగర్ ప్రాంతపు సోదరుడు ఒకరు మెల్లగా దగ్గరకు వచ్చారు. ఫోన్లో ఒక ప్రకటన చూసి, పేరున్న కంపెనీ ఫోను 250 రియాళ్ళకే అంటే తెప్పించుకున్నారు. పెట్టె తెచ్చిన కుర్రవాడికి రొక్కం ఇచ్చారు. అతను మెట్లు దిగిపోయాక పెట్టె విప్పితే లోపల ఏదో పాత నమూనా. బొమ్మలో ఉన్నదానికీ దానికీ రంగు తప్ప పోలిక లేదు. ఆయన అడిగిన ప్రశ్న మా చెవుల్లో ఇంకా ఉంది. "సారూ, కంప్లైంట్ పెడితే నా వీసాకు ఏమన్న అయితదా?" డబ్బు పోయినందుకు కాదు, అడిగితే ఏమవుతుందోనన్న భయానికి మాకు బాధ కలిగింది. అంగడివాడి మీద చేసే ఫిర్యాదుకూ, మన ఉద్యోగానికీ, నివాస పత్రానికీ ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క వాక్యం ఈ సభలో పది మంది ఇంటికి తీసుకువెళ్ళి, తమ గదిలో ఉన్న మరి పది మందికి చెబితే మా ప్రసంగం సార్థకమైనట్టే.

ఈ దేశపు చట్టం ఏమంటుందో చూద్దాము. ఖతార్‌లో వినియోగదారుల రక్షణకు 2008లో 8వ నంబరు చట్టం వచ్చింది. వస్తువు గురించి సరైన సమాచారం పొందే హక్కు, స్వేచ్ఛగా ఎంచుకునే హక్కు, నష్టం జరిగితే న్యాయమైన పరిహారం కోరే హక్కు అందులో ఉన్నాయి. సరుకులో లోపం ఉన్నా, నిర్ణీత ప్రమాణాలకు గాని, ఏ అవసరానికి కొన్నామో దానికి గాని సరిపోకపోయినా, అమ్మినవాడు దాన్ని వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వాలి, లేదా మార్చి ఇవ్వాలి. ధర స్పష్టంగా తెలపాలి. తేదీ, సరుకు రకం, ధర, పరిమాణం ఉన్న బిల్లు ఇవ్వాలి. ఈ చట్టంలో పౌరుడు, పరదేశి అన్న తేడా లేదు. కొన్నవాడు వినియోగదారుడు, అంతే. ఉల్లంఘించినవారికి జరిమానా 3,000 రియాళ్ళ నుంచి 10 లక్షల రియాళ్ళ దాకా ఉండవచ్చు, కారాగారమూ ఉండవచ్చు.

ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి 2010లో 16వ నంబరు చట్టం వచ్చింది. ఫోను మీద, కంప్యూటరు మీద అమ్మేవాడు తన పేరు, చిరునామా, సంప్రదించే మార్గం తెలియజేయాలని అది చెబుతుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, అవతలివాడు తన వంతు పూర్తిగా నెరవేర్చకముందే, సరుకును వాడకుండా ఉంటే, కొన్న 3 రోజుల లోపల ఒప్పందం రద్దు చేసుకునే వీలు కల్పించింది. సరుకు 30 రోజులు దాటి ఆలస్యమైతే కూడా కొన్నవాడికి రద్దు చేసుకునే దారి ఉంది. ఇక్కడ ఒక చిన్న తేడా గమనించండి. మనసు మారి వస్తువు వద్దనుకోవడం ఒకటి, వస్తువే వేరుగా రావడం మరొకటి. మొదటిదానికి గడువు చాలా తక్కువ. రెండవది మన మనసుకు సంబంధించింది కాదు, అవతలివాడి మాటకు సంబంధించింది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, "మూడు రోజులు దాటిపోయాయి, ఇంక ఏమీ చేయలేము" అని ఊరుకుంటారు. అలా ఊరుకోనక్కర లేదు.

ఫిర్యాదు చేయవలసింది వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వ శాఖకు. ఫోను నంబరు 16001. ఆ శాఖ యాప్ ద్వారా కూడా చేయవచ్చు. "అడగందే అమ్మయినా పెట్టదు" అన్నారు పెద్దలు. అడగకపోతే మంత్రిత్వ శాఖ మాత్రం ఏం పెడుతుంది? అలాగే ఈ దేశంలో నమోదై, పరిశీలన పొందిన ఆన్‌లైన్ అంగళ్ళకు 'థిఖా' అనే గుర్తు ఇస్తున్నారు. అరబ్బీలో ఆ మాటకు నమ్మకమని అర్థం. కొనేముందు ఆ గుర్తు ఉందేమో చూసుకోవడం మంచిది.

మన సోదరుడి కథ ముగింపు కూడా చెప్పాలి, దాచకూడదు. ఆయనకు డబ్బు తిరిగి రాలేదు. మేము ఫిర్యాదు రాయడానికి కూర్చునేసరికి ఆ ప్రకటన పుటే మాయమైపోయింది. పేరు లేదు, చిరునామా లేదు, బిల్లు లేదు. రొక్కం ఇచ్చినందున బ్యాంకు సాక్ష్యమూ లేదు. హక్కు ఉన్నది, కాని ఎవరి మీద అడగాలో తెలియలేదు. చట్టం పట్టుకోవాలంటే దానికి ఒక పట్టు కావాలి. ఆ పట్టు కొనేముందే మన చేతికి రావాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

ఇప్పుడు స్వదేశం సంగతి. మనలో చాలామంది ఇక్కడ కూర్చుని అక్కడ కొంటారు. అమ్మకు చీర, నాన్నగారికి రక్తపోటు చూసే యంత్రం, చెల్లెలి పెళ్ళికి మిక్సీ, అన్నీ ఇక్కడి నుంచే. వాటి విషయంలో మన చేతిలో బలమైన ఆయుధం ఉంది. 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందుకే డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినం. దాని స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. అదే నెల 23న ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి ప్రత్యేక నియమాలు వెలువడ్డాయి. ఆ నియమాల్లో మన పేరు పెట్టి రాసినట్టున్న మాట ఒకటి ఉంది. లోపమున్న సరుకే కాదు, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును కూడా వెనక్కు తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనడానికి వీలు లేదు. ప్రకటన సరుకు అసలు లక్షణాలకు అనుగుణంగా ఉండేలా చూడడం అమ్మకందారు బాధ్యత. ప్రతి ఆన్‌లైన్ అంగడీ ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆయన పేరు, సంప్రదించే వివరాలు బాహాటంగా చూపాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి.

అక్కడి బిల్లుల మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అన్న ముద్ర చూసి చూసి మనం దాన్ని వేదవాక్యమనుకున్నాము. అది చట్టం కాదు, అంగడివాడి కోరిక. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లో, వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే నిర్వచించింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

ప్రవాసులకు పనికివచ్చే విశేషం మరొకటి చెబుతాము, దయచేసి గుర్తుంచుకోండి. డబ్బు కట్టినవారే వినియోగదారుడు కాదు. కొన్నవారి అనుమతితో ఆ వస్తువు వాడేవారు కూడా వినియోగదారుడే. అంటే మీరు దోహాలో డబ్బు కడితే, నిజామాబాదులో ఆ యంత్రం వాడే మీ నాన్నగారు స్వయంగా ఫిర్యాదు చేయవచ్చు. అమ్మిన కంపెనీ ముంబయిలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ఇది 2019 చట్టం తెచ్చిన గొప్ప సౌకర్యం. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండు సంవత్సరాలు. అంత దూరం వెళ్ళకముందే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం కంపెనీతో మాట్లాడుతుంది. చాలా తగాదాలు అక్కడే తెమిలిపోతాయి.

దీనికి మా బడిలోనే ఒక దృష్టాంతం ఉంది. ఆరుగురు ఆడపిల్లలకు కూచిపూడి దుస్తులు కావలసి వచ్చాయి. తల్లులు కలిసి స్వదేశపు ఆన్‌లైన్ అంగడి ఒకదానిలో ఎంచి, రాజమహేంద్రవరంలో ఒక పిల్ల అమ్మమ్మగారింటికి పంపమన్నారు. బొమ్మలో పట్టు, కుట్టిన విసనకర్ర కుచ్చు, జరీ అంచు. వచ్చినవి పలుచటి నైలాను రకం, కుచ్చు కుట్టనే లేదు. అంగడి మొదటి జవాబు, "ఫోన్ల తెర వల్ల రంగులో కొద్ది తేడా సహజం." రంగు గురించి ఎవరూ అడగలేదు! రెండవ జవాబు, "అమ్మిన సరుకు వాపసు లేదు." ఆ తల్లుల్లో ఒకరు తిట్టలేదు, బ్రతిమాలలేదు. కొన్ననాటి బొమ్మ, దాని కింద 'శుద్ధ పట్టు' అని రాసిన వాక్యం, అమ్మమ్మగారు పెట్టె విప్పుతుండగా మనవడు తీసిన వీడియో, మూడూ జతచేసి, 2020 నియమాలను ఉదహరించి ఫిర్యాదుల అధికారికి పది పంక్తుల ఉత్తరం రాశారు. కదలకపోతే 1915కు చేశారు. డబ్బు పూర్తిగా తిరిగి వచ్చింది. ఈలోగా పండుగ దగ్గర పడడంతో, ఇళ్ళలో ఉన్న పాత పట్టుచీరలు మన మన్సూరా దర్జీ దగ్గర కుట్టించారు. ఇందాక మీరు చప్పట్లు కొట్టిన నాట్యంలో పిల్లలు వేసుకున్నవి అవే.

ఆ ఉత్తరం మమ్మల్ని ఆలోచనలో పడేసింది. మా బడిలో లేఖారచన పాఠం ఉంది. సంక్రాంతికి మిత్రుడిని ఆహ్వానిస్తూ ఉత్తరం, సెలవు కోరుతూ ఉత్తరం, ఎప్పుడూ ఉండేవే. ఒకనాడు పిల్లలతో, "కొన్న బొమ్మకారు ప్రకటనలో ఉన్నట్టు రాలేదు, అంగడికి ఉత్తరం రాయండి" అన్నాము. పద్నాలుగు ఉత్తరాలు వచ్చాయి. సగం మంది బ్రతిమాలారు, "దయచేసి కరుణించి మా డబ్బు ఇప్పించవలసిందిగా ప్రార్థన" అని. మిగిలిన సగం తిట్టారు, "మీరు దొంగలు" అని. ఏ ఒక్కరూ కొన్న తేదీ రాయలేదు, ఆర్డరు సంఖ్య రాయలేదు, ఏం కావాలో సూటిగా అడగలేదు. పిల్లల తప్పు కాదది. మన భాషలో అర్జీకి అలవాటు ఉంది, తగాదాకు అలవాటు ఉంది. ఈ రెండింటి నడుమ నిలబడి, తలెత్తి, గొంతు పెంచకుండా "ఇది నాకు రావలసింది" అని చెప్పే వాక్యానికి అలవాటు తక్కువ. ఆ వాక్యం నేర్పడం కూడా తెలుగు నేర్పడమే అని మా అభిప్రాయం. మరుసటి వారం అవే ఉత్తరాలు తిరిగి రాయించాము. ఏం చూపారు, ఏం పంపారు, ఏం కావాలి, ఎన్నాళ్ళలో కావాలి, ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు వాక్యాలు. ఒక పిల్ల తన ఉత్తరం చదివి, "మాస్టారూ, ఇందులో కోపం లేదు కాని భయం కూడా లేదు" అన్నది. ఆ పిల్లకు పూర్తి మార్కులు వేశాము.

సరుకు తేడా అంటే అన్ని తేడాలూ ఒకటి కావు. తెర వెలుతురును బట్టి రంగు ఒక ఛాయ మారవచ్చు. చేనేతలో ఒక పోగు అటూ ఇటూ ఉండవచ్చు, అది చేతిపనికి గుర్తు. చిన్న బొమ్మను పెద్దగా చూపినా, కొలతలు కింద స్పష్టంగా రాసి ఉంటే చదువుకోవలసింది మనమే. కాని పట్టు అని చెప్పి పాలిస్టరు పంపడం, చేనేత అని చెప్పి మరమగ్గం గుడ్డ పంపడం, కొత్తది అని చెప్పి పాతది పంపడం తేడాలు కావు, మాట తప్పడాలు.

ఈ మాట తప్పడంలో మన డబ్బుతో పాటు మన నేతగాళ్ళ కూడు కూడా పోతున్నది. భూదాన్ పోచంపల్లి ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, తరువాత నేస్తారు. అందువల్ల డిజైను అంచులు మబ్బు అంచుల్లా కొద్దిగా చెదరి ఉంటాయి, బట్ట రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అద్దకం వేసిన నకలు గుడ్డకు అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, వెనుక వైపు వెలవెలబోతుంది. ఫోను బొమ్మలో ఈ తేడా తెలియదు, ఎందుకంటే బొమ్మకు వెనుక వైపు ఉండదు! సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. అంతా పట్టే అని తక్కువ ధరకు చూపితే అనుమానించాలి. పట్టు పోగు కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలుగుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. చీర అంచు చివర ఒక్క పోగు చాలు ఈ పరీక్షకు. 2004 నుంచి పట్టుకు సిల్క్ మార్క్, 2006 నుంచి చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. కొనేముందు ఆ గుర్తు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. "ఉంది" అన్న ఒక్క మాట వారి చేత రాయించుకుంటే అది రేపు సాక్ష్యం.

ఇక ఆచరణ. మొదటిది, కొనేముందు బొమ్మను, వర్ణనను, ధరను, అమ్మేవారి పేరు చిరునామాలను ఫోన్లో ఫోటో తీసి దాచుకోండి. ప్రకటన మాయం కావచ్చు, మీ ఫోటో మాయం కాదు. రెండవది, అపరిచిత అంగడికి రొక్కం కంటే కార్డు మేలు. కార్డు సంస్థల నియమాల్లో "వర్ణించినట్లు లేదు" అన్న కారణం మీద వివాదం నమోదు చేసే పద్ధతి ఉంది. సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది, మీ బ్యాంకును వెంటనే అడగండి. అమ్మినవాడు ఏ ఖండంలో ఉన్నా ఇది పనిచేస్తుంది. పరదేశపు అంగడి మీద ఇక్కడి మంత్రిత్వ శాఖ చేయి ఆనడం కష్టం కనుక, అక్కడ ఇదే ముఖ్యమైన దారి. మూడవది, పెట్టె విప్పేటప్పుడు చిరునామా చీటీ కనబడేలా వీడియో తీయండి. నాలుగవది, తేడా కనబడితే వస్తువును వాడవద్దు, చీటీలు చించవద్దు, ఆ రోజే రాతలో తెలపండి. ఫోనులో మాట్లాడిన మాట గాలిలో పోతుంది. అయిదవది, జవాబు రాకపోతే ఇక్కడ కొన్నదానికి 16001, స్వదేశంలో కొన్నదానికి 1915.

హక్కులు చెప్పి బాధ్యత చెప్పకపోతే పంతులు ఉద్యోగం పూర్తి కాదు. పెళ్ళికి కట్టుకుని, ఫోటోలు దిగి, మరునాడు "బొమ్మలా లేదు" అని చీర వాపసు పంపేవారు కూడా మనలో ఉన్నారు. అదీ మాట తప్పడమే. అంతేకాదు, మనలో కొందరు అక్కచెల్లెళ్ళు ఇంటి నుంచి పచ్చళ్ళు, చీరలు అమ్ముతున్నారు. వారికి మా మనవి. ఇక్కడి లైసెన్సు నియమాలు తెలుసుకోండి. ఎక్కడో దొరికిన అందమైన బొమ్మ కాకుండా, మీ చేతిలో ఉన్న సరుకును పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టండి. ఆవకాయ సీసా మీద తయారైన తేదీ రాయండి. ఆ బొమ్మ కొంచెం తక్కువ మెరిసినా, మీ మాట ఎక్కువ కాలం నిలుస్తుంది.

చివరిగా సంఘం పెద్దలకు ఒక ప్రార్థన. ప్రార్థన అంటున్నాము కాని, మా పిల్లకు నేర్పినట్టు సూటిగానే అడుగుతాము. మా సాయంత్రపు బడి ముగిశాక, నెలకు ఒక సాయంత్రం, ఒక బల్ల, రెండు కుర్చీలు, అరబ్బీ తెలిసిన ఒక స్వచ్ఛంద సేవకుడు కావాలి. ఫిర్యాదు రాయడం రాని కార్మిక సోదరులు అక్కడికి వస్తే మేము, మా పెద్ద తరగతి పిల్లలు కలిసి రాసిపెడతాము. మా పిల్లలకు భాష వస్తుంది, వారికి న్యాయం వస్తుంది. వచ్చే నెల నుంచే మొదలుపెడితే బాగుంటుంది. ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో చెప్పాము, ఇక జవాబు మీది.